బరంపురం చుట్టూ హద్దు గీస్తే పొలాలు నిలుస్తాయా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీ ఊరు ఒడిశాలోని బరంపురానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, హింజిలికాటు వైపు, ఋషికుల్య కాలువ కింద ఉంది. మీ నాన్నగారికి మూడెకరాల పల్లం. చుట్టుపక్కల రైతులు ఒక్కొక్కరే అమ్మేస్తున్నారు, బ్రోకర్లు మీ ఇంటి అరుగు దిగడం లేదు. అమెరికాలో ఊరి చుట్టూ హద్దు గీసి, దాని అవతల ఇళ్ళు కట్టనివ్వరని ఎక్కడో చదివారు. బరంపురానికీ అలాంటి హద్దు గీస్తే పొలాలు నిలుస్తాయా, నిలిస్తే మధ్యలో రైతు నష్టపోడా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట గొలుసు పట్టుకుని పొలాలు కొలిచే అమీనుగా, తర్వాత పట్టణ ప్లానింగ్ పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. మాది బరంపురంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, చదువంతా ఒడియాలో. అందుకని ఇక్కడి కాగితాల భాషా తెలుసు, పొలం గట్టు మీద మాట్లాడుకునే భాషా తెలుసు. నా జవాబు ఇది: హద్దు గీస్తే పొలాలు నిలుస్తాయి, ఆ హద్దు కదలదని రైతూ బ్రోకరూ ఇద్దరూ నమ్మినప్పుడు. ఆ నమ్మకం ఎలా వస్తుందన్నదే అసలు విషయం, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. ఊరి అంచున మాకు ఎకరం నలభై డిసిమిల్ పొలం ఉండేది. (మనవాళ్ళు సెంట్లు అంటారు, ఇక్కడి రికార్డులో డిసిమిల్ అని ఉంటుంది, రెండూ ఎకరంలో నూరో వంతే.) 1993లో అక్క పెళ్ళికి దాన్ని అమ్మేశాం. కొన్నాయన రైతు కాదు, ఇల్లు కట్టుకోవలసిన అవసరమూ లేదు. నాలుగు మూలలా సిమెంటు రాళ్ళు పాతి వెళ్ళిపోయాడు. అక్కడ మొదటి ఇల్లు లేచింది 2009లో. మధ్యలో పదహారేళ్ళు ఆ నేలలో తుమ్మ మొలిచింది. ఒక్క గింజ పండలేదు, ఒక్క కుటుంబం అక్కడ తల దాచుకోలేదు. మా పొలం గుండా వెళ్ళే పిల్ల కాలువను పూడిక తీసేవాళ్ళు లేక రెండు వానాకాలాల్లోనే మూసుకుపోయింది. దిగువన నాకు చిన్నాన్న వరసయ్యే ఆయనకు రెండెకరాలుండేవి. నీళ్ళు అందక ఊడ్పులు ఆలస్యమయ్యేవి, దిగుబడి పడిపోయింది. నాలుగేళ్ళు చూసి ఆయనా అమ్మేశారు. ఆయన అమ్మింది డబ్బు మీద ఆశతో కాదు. మేము అమ్మడం వల్లనే ఆయన అమ్మవలసి వచ్చింది. ఇది నన్ను ఈ రోజుకీ బాధపెడుతుంది.

ఇల్లు లేవడానికి చాలా ఏళ్ళ ముందే పొలం సాగు నుంచి తప్పుకుంటుందని మా పొలంలోనే చూశాను. రేటు పెరుగుతుందని కొన్నవాడికి దున్నాలన్న అవసరం లేదు. అమ్మబోతున్నవాడు కూడా ఆ పొలానికి ఎరువు తోలడు, గట్టు సరిచేయడు, బోరుకు అప్పు చేయడు. ఊరు ఇటే పెరుగుతుందట అన్న మాట పుట్టగానే, ఇటుక ఒక్కటి కూడా దిగకముందే, ఊరి చుట్టూ మూడు నాలుగు మైళ్ళ మేర వ్యవసాయం నీరసించిపోతుంది. హద్దు గీయడంలో ఉన్న మంచి అంతా ఇక్కడే ఉంది. ఫలానా గీత అవతల ఇరవై ఏళ్ళ దాకా కాలనీ రాదని ఖాయంగా తెలిస్తే, అక్కడ పొలం కొనేవాడు పొలం ధరకే కొంటాడు, దున్నడానికే కొంటాడు.

మీరు చదివింది ఓరెగన్ రాష్ట్రం గురించి అయి ఉంటుంది. అక్కడ 1973లో రాష్ట్రమంతటికీ భూవినియోగ చట్టం చేశారు. అప్పటి గవర్నరు టామ్ మెకాల్. శాసనసభలో ఆ చట్టం కోసం గట్టిగా నిలబడినవారిలో హెక్టర్ మెక్‌ఫర్సన్ అనే సెనేటరు ఒకరు, ఆయన స్వయంగా పాడి రైతు. ఇది నాకు ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే పొలాలు కాపాడండి అనే మాట పట్టణంవాళ్ళ నోట వస్తే రైతుకు అనుమానం వస్తుంది, రైతే అంటే వింటాడు. ఆ చట్టం కింద పోర్ట్‌లాండ్ నగరం చుట్టూ 1979లో హద్దు ఏర్పడింది. రాబోయే ఇరవై ఏళ్ళలో పెరిగే జనానికి సరిపడా స్థలం హద్దు లోపల ఉండాలన్నది నియమం. కొన్నేళ్ళకోసారి లెక్క చూసి, చాలకపోతేనే హద్దు జరుపుతారు. హద్దు బయట మంచి సాగు భూమిని వ్యవసాయానికే ప్రత్యేకించారు. దాని మీద పన్ను కూడా ప్లాటు విలువను బట్టి కాకుండా పంట విలువను బట్టే వేస్తారు. మన దగ్గర హద్దు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ పన్ను సంగతి, ఇరవై ఏళ్ళ స్థలం సంగతి వదిలేసి గీత ఒక్కటే పట్టుకుంటారు. గీత ఒక్కటే అయితే లోపల ఇళ్ళ ధరలు పెరుగుతాయి, జనం దాన్ని దాటి ఇంకా దూరం వెళ్ళి కట్టుకుంటారు.

అక్కడ కూడా అంతా సాఫీగా సాగలేదు. 2004లో ఓరెగన్ ప్రజలు ఓటు వేసి, నియమాల వల్ల భూమి విలువ తగ్గినవారికి పరిహారమైనా ఇవ్వాలి, లేదా నియమమైనా సడలించాలి అని తీర్పు చెప్పారు. దాంతో కట్టడాలకు దరఖాస్తులు వెల్లువెత్తాయి. మూడేళ్ళకు, 2007లో, ఆ ప్రజలే మళ్ళీ ఓటు వేసి దాన్ని చాలావరకు కుదించారు. నాకు నష్టం జరిగింది అన్న రైతు మాటను పట్టించుకోకపోతే పాతికేళ్ళు నిలిచిన హద్దుకైనా బీటలు పడతాయి.

గీత కదిలితే ఏమవుతుందో చూడాలంటే కెనడాలోని ఒంటారియో వైపు చూడండి. టొరంటో చుట్టూ 2005లో పచ్చని మేఖలను (ఇళ్ళు కట్టకూడని గ్రీన్‌బెల్ట్) చట్టంతో ఏర్పాటు చేశారు, దాదాపు పద్దెనిమిది లక్షల ఎకరాలు. 2022లో అక్కడి ప్రభుత్వం ఇళ్ళ కోసమని చెప్పి అందులోంచి సుమారు 7,400 ఎకరాలు బయటికి తీసింది. ఆ ఒక్క నిర్ణయంతో ఆ భూముల యజమానులకు 830 కోట్ల డాలర్లకు పైగా విలువ పెరగవచ్చని అక్కడి ఆడిటర్ జనరల్ లెక్క చెప్పారు. జనం మండిపడ్డారు, 2023లో ప్రభుత్వం ఆ భూములను మళ్ళీ లోపలికి చేర్చింది. గీతను ఒక వేలి మందం జరిపితే ఎవరికి ఎంత లాభమో ఈ లెక్కలో కనిపిస్తుంది. అందుకే గీతను జరిపే అధికారం ఒక ఫైలు మీద, ఒక సంతకం మీద ఉండకూడదు. మన తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదు 111 జీవో. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో ఇచ్చిన ఉత్తర్వు అది. పాతికేళ్ళు ఎత్తేస్తారు, ఎత్తేస్తారు అన్న మాట నడుస్తూనే ఉంది. 2022లో ఆంక్షలు సడలిస్తూ ఉత్తర్వు వచ్చేసింది. చట్టసభ చేసిన చట్టానికీ ఉత్తర్వుకూ తేడా అదే, ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతోనే పోతుంది.

ఇక మన సంగతి. ఒడిశాలో వ్యవసాయ భూమిని ఇళ్ళ స్థలంగా మార్చాలంటే 1960 నాటి భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, ప్రీమియం కట్టి, పట్టాలో కిసం (భూమి రకం) మార్పించుకోవాలి. శారద (వరి పొలం) అని ఉన్నది ఘరబారి (ఇంటి స్థలం) అవుతుంది. ఇది చట్టబద్ధమైన దారే. నాకున్న అభ్యంతరం ఏమిటంటే, ప్రతి దరఖాస్తునూ విడివిడిగా చూస్తారు. ఆ ఇరవై డిసిమిల్ ముక్క ఏ తూము కింద ఉంది, దాని మీదుగా ఎవరి పొలానికి నీళ్ళు వెళ్తున్నాయి, ఆ తూము కింద ఇప్పటికే ఎంత పోయింది అన్న ప్రశ్నలు నేను చూసిన ఫైళ్ళలో ఎక్కడా కనిపించలేదు. వంద సంతకాల్లో ఏ ఒక్కటీ తప్పు కాకపోవచ్చు. వందా కలిస్తే మాత్రం ఒక ఆయకట్టు మాయమవుతుంది.

రెండో సాధనం మాస్టర్ ప్లాను. 1982 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం కింద బరంపురానికీ డెవలప్‌మెంట్ అథారిటీ ఉంది. ప్లానులో వ్యవసాయ జోను అని ఆకుపచ్చ రంగు వేస్తారు. చాలామంది అదే హద్దు అనుకుంటారు. నేను ఆ రంగులు స్వయంగా నింపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, చాలా పటాల్లో ఆకుపచ్చ అంటే ఇంకా వేరే రంగు వేయని చోటు అనే అర్థం. మళ్ళీ ప్లాను తిరగరాసేటప్పుడు మొదట పసుపు, అంటే ఇళ్ళ జోను, అయ్యేది అదే. భూమి కొనేవాళ్ళకు ఇది బాగా తెలుసు, అందుకే ఆకుపచ్చ జోనులో ముందుగా కొని పెట్టుకుంటారు. 2013 భూసేకరణ చట్టంలోని పదో సెక్షన్ ఒకటి ఉందని మీరు అనవచ్చు. నీటి వసతితో ఏడాదికి ఒకటికి మించి పంటలు పండే భూమిని, వేరే దారి లేనప్పుడు తప్ప సేకరించకూడదని అది చెబుతుంది. మంచి సెక్షనే, కానీ అది ప్రభుత్వం సేకరించే భూమికి. మీ పక్క పొలం రైతు ఇష్టపడి బ్రోకరుకు అమ్మితే అది అడ్డు రాదు.

కేరళ దీన్ని ఎలా పట్టుకుందో చూడండి, మనకు అన్నింటికన్నా పనికొచ్చే ఉదాహరణ అదే. 1970ల నడుమ అక్కడ సుమారు 8.8 లక్షల హెక్టార్లలో వరి ఉండేది. 2007-08 నాటికి అది 2.3 లక్షల హెక్టార్ల దగ్గరికి దిగిపోయింది. అప్పుడు 2008లో వరి పొలాల, చిత్తడి నేలల సంరక్షణ చట్టం చేశారు. ఆ చట్టం పట్టణం చుట్టూ గీత గీయలేదు, వరి పొలాన్నే పేరు పెట్టి గుర్తించింది. ప్రతి పంచాయతీలో ఏ సర్వే నంబరు వరి పొలమో జాబితా తయారు చేయమంది. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయ అధికారి, గ్రామ అధికారి, రైతుల ప్రతినిధులు కలిసిన స్థానిక కమిటీకి ఆ పని అప్పజెప్పింది. జాబితాలు ఆలస్యమయ్యాయి, 2018లో కొంత సడలింపూ వచ్చింది, అది వేరే సంగతి. 2020 నుంచి వరి పొలాన్ని వరి పొలంగా ఉంచినవారికి హెక్టారుకు ఏడాదికి 2,000 రూపాయల రాయల్టీ కూడా మొదలుపెట్టారు. బరంపురం అంచున ఎకరం ధర చూసినవాడికి ఆ మొత్తం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అయినా పొలం ఊరందరికీ పని చేస్తోంది, ఆ పనికి కూలి ఇవ్వాలి అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నందుకు నేను సంతోషిస్తున్నాను.

పల్లం ఊరికి ఏం పని చేస్తుందో మన గంజాం జిల్లా వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ వానలకు ఎక్కడ నీళ్ళు నిలిచాయో నడిచి చూశాను. పల్లపు పొలాన్ని మట్టి పోసి మెరక చేసిన కొత్త కాలనీల వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు, ఆ పక్కనే మిగిలిన పొలాల్లో గట్ల దాకా నీళ్ళు. పొలంలో నిలిచిన నీరు మెల్లగా ఇంకుతుంది, వీధిలో నిలిచిన నీటికి వెళ్ళే దారి లేదు. గట్ల సంగతి వచ్చింది కాబట్టి మొగలి గురించి ఒక మాట. దేశంలో మొగలి అత్తరులో ఎక్కువ భాగం గంజాం నుంచే వస్తుంది, ఇక్కడి మొగలి పువ్వుకూ దాని తైలానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పొదలు పెరిగేది ఎక్కువగా పొలం గట్ల మీద, గెడ్డల ఒడ్డున. పొలం ప్లాటు కావడానికి జేసీబీ మొదట చదును చేసేది గట్టునే. ఛత్రపురం వైపు పువ్వు కోసి బట్టీకి అమ్ముకునే కుటుంబాలు ఏ లెక్కలోకీ రావు.

అలాగే లెక్కలోకి రాని మరో మనిషి కౌలు రైతు. ఒడిశా చట్టంలో కౌలుకు దాదాపుగా చోటు లేదు కాబట్టి ఇక్కడ పాలు (పంటలో వాటాకు దున్నడం), కౌలు అంతా నోటి మాట మీదే నడుస్తుంది. పొలం అమ్ముడైన రోజు యజమానికి డబ్బు వస్తుంది, ఇరవై ఏళ్ళు దున్నిన మనిషికి ఏమీ రాదు. పొలం ఉండాలా పోవాలా అని ఊళ్ళో మాట్లాడుకునేటప్పుడు ఆయన్ని కూడా కూర్చోబెట్టండి. పట్టా లేదు కదా అనకండి.

ఇప్పుడు రైతు నష్టపోడా అన్న మీ రెండో ప్రశ్న. నష్టపోతాడు, ఊరికే గీత గీసి వదిలేస్తే తప్పకుండా నష్టపోతాడు. గీతకు ఇవతల ఎకరం కోట్లు, అవతల లక్షలు అయితే, అవతలివాడి కూతురి పెళ్ళి ఎవరు చేస్తారు? దీనికి నాకు తెలిసినంతలో మంచి జవాబు అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రపు మాంట్‌గొమరీ కౌంటీ ఇచ్చింది. 1980లో అక్కడ దాదాపు 93,000 ఎకరాలను వ్యవసాయానికి కేటాయించి, పాతిక ఎకరాలకు ఒక్క ఇల్లే కట్టాలన్నారు. దానికి బదులుగా ప్రతి ఐదెకరాలకు ఒక అభివృద్ధి హక్కును రైతు చేతికిచ్చారు. పట్టణంలో ఇంకో అంతస్తు, ఇంకో నాలుగు ఇళ్ళు కట్టాలనుకునే బిల్డరు ఆ హక్కును రైతు దగ్గర కొనుక్కోవాలి. పొలం రైతు దగ్గరే ఉంటుంది, పట్టణం పెరిగినందువల్ల వచ్చే లాభంలో అతనికీ వాటా వస్తుంది. మన పట్టణాల్లో రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి ఇలా అమ్ముకోదగ్గ అభివృద్ధి హక్కు, టీడీఆర్, ఇవ్వడం చాలా చోట్ల ఉంది. ఆ పద్ధతినే పల్లం రైతుకు వర్తింపజేయమని అడగాలి. కానీ బిల్డరుకు పట్టణం లోపల ఎత్తు ఉచితంగా దొరుకుతుంటే రైతు దగ్గర హక్కు ఎవరూ కొనరు. కాబట్టి రెండూ కలిపి అడగాలి, ఒకటి వదిలితే రెండోది చెల్లదు.

గీత ఎక్కడ గీయాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఊరి నడిమధ్య కంపాస్ పెట్టి పది కిలోమీటర్ల వలయం గీస్తే అది ఎవరికీ పనికిరాదు. ఋషికుల్య కాలువలు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మహా కరువు తర్వాత తవ్వినవి. ఆ కాలువ కింద నీళ్ళు పారే ప్రతి ఎకరం వెనుక నూరేళ్ళకు పైబడిన శ్రమ ఉంది. ఆ ఆయకట్టు అంచే హద్దు కావాలి. ఊరు పెరగవలసింది గరువు (మెట్ట) భూముల మీద, రాతి నేలల మీద, పట్టణం లోపల గోడ కట్టి ఖాళీగా వదిలేసిన వందల ప్లాట్ల మీద. 2011 జనగణన నాటికే బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది, పెరిగే జనానికి ఇళ్ళు కావాలి, దాన్ని నేను కాదనను. పట్టణంలో అద్దె కట్టలేక దూరంగా చవక ప్లాటు కొనుక్కునే చిన్న ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయనకు గరువు మీద మంచినీళ్ళు, డ్రైను, బస్సు ఇస్తే పల్లంలోకి ఎందుకు వస్తాడు?

గుణుపురంలో ఉన్న మీ మేనమామ గారి భూమి గురించి కూడా ఒక ముక్క రాశారు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ ఆదివాసీల భూమి ఆదివాసేతరులకు పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఉంది. 2023 నవంబరులో దాన్ని సడలించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించి, వ్యతిరేకత రాగానే పక్కన పెట్టింది. ఆ రక్షణ మనిషికి సంబంధించినది, పంటకు సంబంధించినది కాదు. మీ మామయ్య పట్టా వేరే తరగతిది అయితే దానికి 8-ఎ దారే వర్తిస్తుంది. ఆయన కాగితాలు చూడకుండా ఇంతకన్నా చెప్పడం మంచిది కాదు.

ఇక మీరు చేయగలిగింది. కొత్త చట్టం వచ్చేదాకా కూర్చోవద్దు. మీ తూముకు పానీ పంచాయతీ ఉంటుంది, 2002 నాటి చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘం అది. వాళ్ళ దగ్గర ఏ తూము కింద ఏ భూమి ఉందో పటం ఉండాలి. దాన్ని తీసుకుని, రాష్ట్ర భూరికార్డుల భూలేఖ్ సైటులో ఒక్కో ఖాతా తెరిచి కిసం చూడండి. ఇక్కడి రికార్డులో ప్లాటు అంటే సర్వే నంబరే, ఇళ్ళ ప్లాటు అనుకుని కంగారు పడకండి. తూము కింద మొత్తం ఎంత, ఎంత ఘరబారి అయింది, ఎంత బీడు పడింది అని మూడు గడుల్లో రాసుకోండి. ఫిబ్రవరిలో జరిగే పల్లీ సభలో (ఊరి ఓటర్లంతా కూర్చునే సభ) ఆ లెక్క చదివి, ఈ తూము కింద కిసం మార్పు ఇవ్వవద్దన్న తీర్మానం రాయించండి. తీర్మానానికి కోర్టు ఆర్డరంత బలం ఉండదు, కానీ రేపు మాస్టర్ ప్లాను ముసాయిదా వెలువడి అభ్యంతరాలు పిలిచినప్పుడు, సంతకాలతో ఉన్న ఆ కాగితానికి విలువ ఉంటుంది. అభ్యంతరం ఒడియాలో, మౌజా (రెవెన్యూ గ్రామం) పేరుతో, ప్లాటు నంబర్లతో రాయండి. మా పొలాలు కాపాడండి అని రాసిన అర్జీలు నేను వందలు చూశాను. ఒక్క అర్జీ మాత్రం తూము నంబరుతో, దిగువ రైతుల జాబితాతో వచ్చింది. మీటింగులో దాని మీదే అరగంట చర్చ జరిగింది, అక్కడ గీయాల్సిన రోడ్డు పక్కకు జరిగింది. ఆ గీత చెరిపి మళ్ళీ గీసింది నేనే.

మీ నాన్నగారు అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, అప్పులూ ఆరోగ్యమూ నాకు తెలియవు. ఒకవేళ అమ్మక తప్పకపోతే, ముందు దిగువ రైతును అడగమనండి. కాలువ దారిని దస్తావేజులో హద్దులతో సహా రాయించమనండి, కొన్నవాడు దాన్ని పూడ్చితే నిలదీయడానికి అదొక్కటే ఆధారం. ఈ పని మేము 1993లో చేయలేదు.

కాలువ కట్టేసిన నెలలో, నేల ఆరినప్పుడు, తూము దగ్గర మొదలుపెట్టి శివారు పొలం దాకా ఒకసారి నడవండి. మీ నాన్నగారిని వెంట తీసుకెళ్ళండి. ఏ మదుం ఎవరు పూడ్చారో, ఎక్కడ కాలువ ఒకప్పుడు ఎంత వెడల్పు ఉండేదో ఏ పటంలోనూ ఉండదు, ఆయనకు గుర్తుంటుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని ఇక్కడ పెట్టండి, దాన్ని పటంగా గీసి ఇవ్వడం నేను చూసుకుంటాను.